వంక దొరకని గెస్ట్‌హౌస్

మూడు రోజులు. మాటతో గానీ, చూపుతో గానీ, నిట్టూర్పుతో గానీ నేను దేనికీ వంక పెట్టకూడదు. ఇదీ మా ఆవిడ పెట్టిన పరీక్ష. నెగ్గితే వచ్చే వారం ఆవిడతో పాటు నేనూ మా అమ్మాయి ఇంటికి వెళ్ళి, పుట్టి రెండు నెలలైన మనవరాల్ని ఎత్తుకోవచ్చు. ఓడితే ఆవిడొక్కతే వెళుతుంది. నేను ఇంట్లో కూర్చుని మొక్కలకు నీళ్ళు పోసుకోవాలి.

పోయినసారి అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మా వియ్యపురాలు స్వయంగా కుట్టి వేలాడదీసిన కర్టెన్లు చూసి, "పువ్వులు తలకిందులుగా ఉన్నాయండీ" అన్నాను. ఉన్నాయి మరి. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని పెద్దలు ఊరికే అనలేదు. వియ్యపురాలు స్టూలెక్కి ఆ కర్టెన్లు పీకేసింది. నాతో మాటలు కూడా మానేసింది. అప్పట్నుంచీ ఫోన్లో మా అమ్మాయిది ఒకటే పాట: "నాన్నని రమ్మనమ్మా. నోరు మాత్రం అక్కడే పెట్టి రమ్మను."

నన్నేం చెయ్యమంటారు? ముప్ఫై నాలుగేళ్ళు బట్టల మిల్లులో, చెకింగ్ సెక్షన్‌లో పనిచేశాను. వాలుగా ఉండే అద్దపు బల్ల, దాని కింద ట్యూబ్‌లైట్లు, బల్ల మీదుగా జారుతూ పోయే బట్ట, నా చేతిలో సుద్దముక్క. పడుగులో పోగు తెగినా, పేకలో ముడి పడినా, ఆవగింజంత నూనె మరక కనిపించినా అక్కడ సుద్దతో గీత పెట్టడమే నా ఉద్యోగం. మిల్లంతా నన్ను భూతద్దం అనేవాళ్ళు. రిటైరైన రోజున బల్ల వాళ్ళ దగ్గరే ఉండిపోయింది గానీ కళ్ళు నాతో పాటు ఇంటికొచ్చేశాయి. దీన్ని నేను నైపుణ్యం అంటాను. మా ఆవిడ కోడిగుడ్డుకు ఈకలు పీకడం అంటుంది.

పరీక్షకు ఊరు కూడా ఆవిడే వెతికింది. జలపాతాలూ కోటలూ ఉన్న చోటికి తీసుకెళితే నేను నీళ్ళు తక్కువనీ, మెట్లు ఎక్కువనీ అంటానట. అందుకని చూడటానికి ఏమీ లేని ఊరొకటి పట్టుకుంది. "ఏమీ లేని చోట దేనికి వంక పెడతారో నేనూ చూస్తాను" అంది.

నిజంగానే ఏమీ లేదు. పొడుగాటి వీధి ఒకటి, దాని చివర కాలువ, కాలువ మీద వంతెన, వంతెన అవతల మేం దిగాల్సిన గెస్ట్‌హౌస్. బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది. మేం దిగుతుంటే డ్రైవరు, "ఇక్కడేనా సార్? ఇంకోసారి కాగితం చూసుకోండి" అన్నాడు.

ఆ వీధిలో నడవడం నాకు ముళ్ళ మీద నడకయింది. మందుల షాపు బోర్డు ఎడమపక్కకు రెండు వేళ్ళు కిందికి వాలింది. పోస్టాఫీసు గడియారం పదకొండింటికే నాలుగుంబావు చూపిస్తోంది. ఒక ఇంటి తలుపుకు ఒక రెక్క నీలం, రెండో రెక్క ఇంకో నీలం. నేను తల వంచుకుని, నా చెప్పులు చూసుకుంటూ నడిచాను. మా ఆవిడ పక్కనే నడుస్తూ నా మొహం చదువుతోంది.

గెస్ట్‌హౌస్ రోడ్ల శాఖ వాళ్ళది. ఒకప్పుడు రోడ్డు వేయించే ఇంజనీర్లు అందులో దిగేవాళ్ళట. రోడ్డు పూర్తయింది, ఇంజనీర్లు ఆ రోడ్డు మీదే వెళ్ళిపోయారు. తర్వాత మామూలు జనానికి కూడా గదులివ్వాలని పై ఆఫీసువాళ్ళు నిర్ణయించారు గానీ, ఆ సంగతి జనానికి చెప్పడం మర్చిపోయారు. మా ఆవిడ ఎలా కనిపెట్టిందో నాకు తెలియదు.

గేటు దగ్గర కేర్‌టేకర్ ఎదురొచ్చాడు. అరవైకి రెండేళ్ళు తక్కువుండొచ్చు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, చెవి వెనక పెన్సిలు. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ వంటా, ఉతుకూ, తోటపనీ అన్నీ ఆయనొక్కడే. వెనకనున్న చిన్న గదిలో కాపురం. మా పెట్టె అందుకుని గది తలుపు తీశాడు.

గదిలోకి వెళ్ళగానే కిటికీ దగ్గరున్న కుర్చీలో కూర్చున్నాను. మంచి కుర్చీ, ఎదురుగా కాలువ. కూర్చుని అలవాటు ప్రకారం గదిని కళ్ళతో ఒక చివర నుంచి గాలిస్తూ వచ్చాను. దుప్పటి మూలలు నాలుగూ ఒక్కలాగే మడిచి ఉన్నాయి. లేచి తీస్తే తలుపు గడియ చప్పుడు చెయ్యలేదు. కొళాయి కట్టేస్తే ఒక్క చుక్క కారలేదు. మా ఆవిడ చూడకుండా తలుపు పైఅంచు వేలితో తుడిచాను. వేలికి ఏమీ అంటలేదు. నాకు భయం వేసింది.

"ఏమైంది?" అంది మా ఆవిడ, మంచం అంచున కూర్చుని.

"ఏమీ లేదు."

"మరి మొహం అలా పెట్టారే?"

"అదే చెబుతున్నా. ఏమీ లేదు!"

అంతలో కేర్‌టేకర్ వచ్చి, "టీ ఎలా తాగుతారు సార్?" అని అడిగాడు. చిక్కగా, పంచదార లేకుండా అన్నాను. రెండు కప్పులు తెచ్చాడు. జీవితంలో మొదటిసారి ఇంటి బయట నేను పెట్టమన్నట్టే పెట్టిన టీ తాగాను. ఉక్కగా అనిపించి ఫ్యాను వేగం పెంచాను. మా ఆవిడ పెట్టెలోంచి శాలువా తీసి కప్పుకుంది. మళ్ళీ కుర్చీలో కూర్చుని ఆ పూట నేను లేవలేదు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ కేర్‌టేకర్ అడిగాడు. "ఏమైనా లోటుందా సార్?"

"లేదయ్యా. అంతా బాగుంది."

ఆ మాటకి ఎవరైనా పొంగిపోతారు. ఆయన మొహం వాడిపోయింది. "కొంచెం కూడానా?" అన్నాడు. కొంచెం కూడా లేదన్నాను. గిన్నె పట్టుకుని భుజాలు వేలాడేసుకుని వెళ్ళిపోయాడు. మా ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "ఒట్టు, నేనేమీ అనలేదు" అన్నాను.

మర్నాడు పొద్దున వీధిలోకి నడకకు వెళ్ళాం. దర్జీ ఒకాయన అప్పుడే కుట్టిన చొక్కా గుమ్మానికి తగిలించి, దారినపోయే నన్నే ఆపి, "ఎలా ఉంది సార్?" అని అడిగాడు. కాలరు ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి. నా గొంతులో మాట కుతకుతలాడింది. మా ఆవిడ కాలువ వైపు చూస్తున్నట్టు నటిస్తూ చెవులు నా మీదే పెట్టింది. "బట్ట మంచిది" అన్నాను. ఆ మూడు రోజుల్లో నేను పడ్డ కష్టాల్లో అదే పెద్దది అనుకున్నాను. అసలు కష్టం గెస్ట్‌హౌస్ వరండాలో నా కోసం కాచుకుని ఉంది.

కేర్‌టేకర్ ఒక లావుపాటి పుస్తకం, ఒక ఉత్తరం పట్టుకుని నిలబడ్డాడు. మా ఆవిడ స్నానానికి వెళ్ళేదాకా ఆగి, ఉత్తరం నా చేతికిచ్చాడు. పై ఆఫీసుది. "నాలుగేళ్ళుగా ఒక్క ఫిర్యాదు కూడా రానందున, సదరు గెస్ట్‌హౌస్‌లో ఎవరూ బస చేయడం లేదని నిర్ధారించడమైనది. నెలాఖరులోగా మూసివేసి తాళాలు అప్పగించవలెను."

"ఇదేం లెక్కయ్యా? నాలుగేళ్ళుగా ఎవరూ దిగలేదా?"

"నూట పదకొండు మంది దిగారు సార్. ఒక్కరికీ నోరు రాలేదు."

"వచ్చినవాళ్ళ పేర్లు రాసే పుస్తకం ఉంటుందిగా?"

"దాన్ని నమ్మడం మానేశారు సార్. ఇంకో ఊళ్ళో ఒకాయన రెండేళ్ళపాటు చచ్చిపోయినవాళ్ళ పేర్లతో పుస్తకం నింపాడు. వాళ్ళంతా బ్రహ్మాండంగా ఉందని రాశారు. అప్పట్నుంచీ మెచ్చుకుంటే లెక్కలోకి రాదు. మెచ్చుకోలు బావమరిది చేతైనా రాయించుకోవచ్చు, ఫిర్యాదు మాత్రం నిజంగా దిగినవాడే రాస్తాడని పై ఆఫీసువాళ్ళ నమ్మకం."

చెబితే నవ్వొస్తుంది గానీ, ఆ మాటలో నాకు తప్పు దొరకలేదు. కేర్‌టేకర్ పుస్తకం తెరిచాడు. తేదీ, ఫిర్యాదు, తీసుకున్న చర్య అని మూడు గడులు. పేజీలన్నీ ఖాళీ.

"చివరగా వచ్చిన ఆరుగుర్నీ అడిగాను సార్, ఏదో ఒకటి రాయమని. మంచివాళ్ళు. 'ఏ లోటూ లేదు' అని కాగితం మీద రాసి సంతకాలు పెట్టారు. పంపితే అది ఫిర్యాదు కాదని తిప్పి పంపారు. నెలాఖరు ఇంకా ఆరు రోజులే. మీ తర్వాత ఎవరూ వచ్చేట్టు లేరు. ఒక్క ఫిర్యాదు చాలు సార్. అది తేలేదాకా మూసే రూలు లేదు."

"మూసేస్తే నీకేమిటి?"

"పై ఆఫీసు గేటు దగ్గర కూర్చోబెడతారట. తియ్యడం, వెయ్యడం." ఆయన తోట వైపు చూశాడు. "ఇంత బాగా పెట్టుకున్నది మూసెయ్యడానికా సార్?"

నా మనసు కరిగిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళలో లోపం లేని బట్ట తాను ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. ఇన్నాళ్ళకు ఒకటొస్తే, లోపం లేదని దాన్నే చింపేస్తున్నారు. అయినా నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. రాస్తే మనవరాలు దక్కదు. రాయకపోతే ఈ మనిషి గేటు పాలు. మా ఆవిడకు తెలియకుండా చిన్నది ఒకటి రాస్తే ఏం పోతుందిలే అనుకుని గొంతు తగ్గించాను.

"సరే, టీ బాగోలేదని రాస్తాను."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "టీ వద్దు సార్. రేపు ఎవరైనా చదివితే?"

"దుప్పట్లు?"

"నేనే ఉతుకుతాను సార్, ఈ చేతులతో."

"తోట?"

"సార్!" అన్నాడు, కన్నతల్లిని తిట్టినట్టు.

"మరి దేని మీద రాయను?"

"నిజంగా ఉన్నది రాయండి సార్. మీరు బట్టలో లోపాలు పట్టే ఉద్యోగం చేశారట కదా, అమ్మగారు చెప్పారు."

అప్పుడు ఇద్దరం దొంగల్లా గెస్ట్‌హౌస్ అంతా వెతికాం. మంచాల కింద దూరాం. ఆయన నాతో పాటు వెతుకుతూ, ఎక్కడైనా ఇంత దుమ్ము కనిపిస్తే నేను నోరు తెరిచేలోపే తుడిచేస్తున్నాడు. మధ్యాహ్నం ఇంకో ప్రయత్నం చేశాడు. నా టీలో కావాలనే ఉప్పు వేసి తెచ్చాడు. నేను కప్పు నోటిదాకా తీసుకెళ్ళేసరికి, "వద్దు సార్, వద్దు, నా వల్ల కాదు" అని లాక్కుని కాలువలో పారబోసి వచ్చాడు.

ఆ సాయంత్రం మా ఆవిడకు అంతా చెప్పేశాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఓపిగ్గా విని, "రాయాలనిపిస్తే రాయండి. రాస్తే మాత్రం నేనొక్కదాన్నే వెళతాను. మాట మాటే" అంది. రాతిగుండె అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే తేల్చుకున్నాను. మనవరాలు ఎక్కడికీ పోదు. ఆర్నెల్లకో ఏడాదికో ఎత్తుకుంటాను. ఈయనకు ఐదు రోజులే ఉన్నాయి. పుస్తకం తెప్పించి బల్ల మీద పెట్టుకుని కలం తీశాను. తేదీ వేశాను. అక్కడే చెయ్యి ఆగిపోయింది. ఎంత ఆలోచించినా లేని లోపం రాయడానికి చెయ్యి రాలేదు. మిల్లులో ఒక్కసారి కూడా మంచి బట్ట మీద సుద్ద పెట్టలేదు నేను. పెడితే నేసినవాడి నోట్లో మట్టి కొట్టినట్టే. కేర్‌టేకర్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"వంక దొరకడం లేదు" అన్నాను చివరికి. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని నేనే అనుకోలేదు.

"ఇలా ఇవ్వండి" అంది మా ఆవిడ.

కలం తీసుకుంది. పుస్తకాన్ని మంచం మీదికి లాక్కుంది. ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు చదివిన పాఠం అప్పజెప్పినట్టు ఎక్కడా ఆగకుండా రాసింది. పేజీ నిండింది. తిప్పింది. రెండోది సగం నిండాక సంతకం పెట్టి, ఫోను నంబరు వేసి, పుస్తకం కేర్‌టేకర్ చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నాలుగేళ్ళ కరువు తీరేలా పైకి చదివాడు.

"ఒకటి. గదిలో కుర్చీ ఒక్కటే ఉంది. ఇద్దరు దిగే గదిలో కుర్చీ ఒక్కటే వేస్తే, రెండో మనిషి మూడు రోజులూ మంచం అంచున కూర్చోవాల్సి వచ్చింది. కాలువ కిటికీలోంచి కనబడుతుందట. విన్నాను."

నేను కుర్చీలో కదిలాను.

"రెండు. టీ ఎలా కావాలో ఒక్కరినే అడిగారు. నేను పంచదార వేసుకుంటాను. మూడు. ఫ్యాను రెగ్యులేటరు మంచానికి ఒక పక్కనే ఉంది. ఆ పక్కన పడుకున్నవారి ఉక్కే ఉక్క, ఇవతల పక్కవారి చలి చలి కాదు. నాలుగు. అద్దం ఎత్తుగా ఉంది. అందులో నాకు నుదురు మాత్రమే కనిపిస్తుంది. నుదురు చూసుకుని తల దువ్వుకోవడం కష్టం." ఇలా తొమ్మిది ఉన్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు, ఒక్కటీ చిన్నది కాదు. అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. చెకింగ్ సెక్షన్‌లో నా పక్క బల్ల దగ్గర ఆవిడ కూర్చుని ఉంటే, మిల్లువాళ్ళు నన్ను ముందే ఇంటికి పంపించేవాళ్ళు.

కేర్‌టేకర్ రెండో ఫిర్యాదు దగ్గర కుంగిపోయాడు. "నా తప్పే అమ్మగారూ. సార్‌నే అడిగాను."

"నువ్వు ఇద్దరి ముందే అడిగావయ్యా" అన్నాను. "జవాబు చెప్పింది నేనొక్కణ్ణే."

ఆ మాట అంటున్నప్పుడు నాకు సిగ్గేసింది. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆవిడ టీలో పంచదార వేసుకోవడం నేను చూసే ఉంటాను. మా అమ్మాయి ఇంట్లో, పక్కింట్లో. మా ఇంట్లో చూడలేదు. మా ఇంట్లో టీ నాకు నచ్చినట్టే ఉంటుంది. ఊరందరి బట్టలో మరకలు పట్టినవాణ్ణి, గురిగింజ లాగా నా కింద నలుపు మాత్రం చూసుకోలేదు.

కేర్‌టేకర్ పై ఆఫీసుకు ఫోను చేశాడు. అవతలి గుమాస్తా నమ్మలేదు. అమ్మగారికివ్వు అన్నాడు. మా ఆవిడ తొమ్మిదీ చదివి వినిపించి, పదోది అప్పటికప్పుడు కల్పించకుండా గుర్తు చేసుకుని మరీ చెప్పింది. అవతలి నుంచి, "అయితే ఎవరో దిగారన్నమాట!" అన్న మాట నాకు కుర్చీ దాకా వినిపించింది. ఫైలు తెరుస్తున్నామనీ, ఫిర్యాదులన్నీ తేలేదాకా మూసివేత ఆపుతున్నామనీ చెప్పాడట.

అక్కడితో గండం గడిచిందనుకున్నాను. కానీ ఆ కేర్‌టేకర్ అనే మనిషి ఊరుకుంటాడా? ఫోను పెట్టేసీ పెట్టగానే పంచదార వేసిన టీ తెచ్చాడు. మంచాన్ని తిప్పేసి రెగ్యులేటర్ ఆవిడ చేతికి అందేలా చేశాడు. అరగంటలో ఎనిమిది ఫిర్యాదులు తీర్చేసి, చర్య గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశాడు. తొమ్మిదో పనికి దిగుతుండగా నాకు అసలు సంగతి తట్టింది.

"ఆగవయ్యా! అన్నీ తేల్చేస్తే రేపు మూసేస్తారు!"

ఆయన అప్పటికే సుత్తి పట్టుకుని అద్దం ముందున్నాడు. నాలుక కరుచుకున్నాడు గానీ చెయ్యి దించలేదు. "ఒక్క మేకు పని సార్, రెండు నిమిషాలు..."

"గోడకు మేకు కొట్టాలంటే పై ఆఫీసు మంజూరు అక్కర్లేదా?" అంది మా ఆవిడ, టీ చప్పరిస్తూ.

"రూలైతే ఉందమ్మగారూ. మేకు కోసం రాస్తే రెండేళ్ళు పడుతుంది. అందుకే నేనెప్పుడూ..." అని, మాట మధ్యలో ఆగాడు. మొహం మెల్లగా వెలిగింది. "రెండేళ్ళు పడుతుంది!" అన్నాడు మళ్ళీ. సుత్తి కింద పెట్టి, చర్య గడిలో 'మేకు మంజూరు కోసం రాయడమైనది' అని రాశాడు. రాసి, అద్దం వైపు బాధగా చూశాడు. "ఇలా ఎత్తుగా ఉందని తెలిశాక నాకు నిద్ర పట్టదమ్మగారూ."

"అలవాటవుతుందిలెండి. నాకు అయింది" అంది మా ఆవిడ.

ఇక మిగిలింది ఒకటో ఫిర్యాదు. స్టోరులో ఇంకో కుర్చీ ఉందన్నాడు కేర్‌టేకర్. "ఎవరూ అడగలేదు సార్, అందుకని..." నేను లేచాను. ఆయన పరిగెత్తబోతే ఆపి, నేనే వెళ్ళి తెచ్చాను. తుడిచి కిటికీ దగ్గర వేశాను. మా ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని మంచి కుర్చీలో కూర్చోబెట్టి, కొత్తగా తెచ్చిన దాన్లో నేను కూర్చున్నాను. బస్సుకింకా గంట టైముంది.

ఆవిడ చాలాసేపు కాలువ చూసింది. తర్వాత అమ్మాయికి ఫోను చేసింది. "నాన్న కూడా వస్తున్నారే. లేదే, ఒక్క వంక కూడా పెట్టలేదు. పెట్టింది నేను." అవతల మా అమ్మాయి ఏమందో గానీ, ఈవిడ పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్ళైందో నేను లెక్క చూసుకోవడానికి ధైర్యం చెయ్యలేదు.

నేను కూర్చున్న కుర్చీకి ఒక కాలు అర అంగుళం పొట్టి. ఊపిరి పీల్చినప్పుడల్లా ఇటు ఒరిగి అటు లేస్తోంది.

"ఆ కుర్చీ ఊగుతోంది కదూ?" అంది మా ఆవిడ, కాలువ మీంచి చూపు తిప్పకుండానే.

"లేదే. బాగానే ఉంది" అన్నాను.